నాన్న ఎంచుకున్న క్లిప్పు మైకు

నాన్న వయొలిన్‌కు క్లిప్పు మైకు ఎంచే పని నా మీద పడటానికి కారణం నేను బీఎస్సీ ఫిజిక్స్ చదవడమే. అప్పటికి దుర్గ్‌లో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగంలో చేరి ఏడాదయింది. లోలకాలూ కటకాలూ తప్ప మైకుల సంగతి నాకేమీ తెలియదు. ఆ మాటే చెబితే నాన్న నమ్మలేదు.

"సౌండంటే ఫిజిక్సే కదేటి? నువ్వే సూడు తల్లీ. ఆ మైకులోడి మాటలు నాకర్థం కావు," అన్నాడు.

నాన్న విజయనగరం దగ్గర పుట్టినవాడు. చిన్నప్పుడు అక్కడే వయొలిన్ నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లకు భిలాయి వచ్చి, ఊరి చివర ఒక చిన్న ఫోర్జింగ్ కార్ఖానాలో చేరాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను ఆయన పట్టకారుతో పట్టుకుంటే పైనుంచి పెద్ద సుత్తి దిగి కొట్టేది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ సుత్తి పక్కనే నిలబడ్డాడు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, క్యాంప్ 2లోని మా రెండు గదుల ఇంట్లో చాప మీద కూర్చుని వాయించుకునేవాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు చేసిన మచ్చలుండేవి. ఆ చేతులతో కమాను అంత తేలిగ్గా ఎలా లాగేవాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆయన రిటైరైన ఏడు, ఉగాది సాయంత్రం తెలుగువాళ్ల హాల్లో ఆయనతో గంటసేపు కచేరీ చేయించాలని కార్ఖానా స్నేహితులు పట్టుబట్టారు. అంతకు ముందోసారి అదే హాల్లో ఆయన భజనకు వాయించాడు. స్టాండు మైకుకు కాస్త పక్కకు ఊగినప్పుడల్లా వయొలిన్ మాయమైపోయి, డోలక్ ఒక్కటే మిగిలేది. అందుకని ఈసారి వాయిద్యానికే తగిలించే మైకు కావాలన్నారు.

మైకులు అద్దెకిచ్చే అతను మా వీధివాడే. అక్కడే పుట్టిన తెలుగువాడు, తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో ముగించేవాడు. నేను భయ్యా అనేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్దయినా నన్ను దీదీ అనేవాడు. రాయపూర్‌లో తెలిసినవాళ్ల దగ్గర అడిగి మూడు రకాల క్లిప్పు మైకులు తెచ్చాడు. ఒకటి మనకు పనికొస్తే, మిగిలిన రెండూ తిరిగి ఇచ్చేయాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో పరీక్ష పెట్టుకున్నాం. నాన్న వేదిక మీద కూర్చున్నాడు. పక్కన చిన్న స్పీకరు పెట్టె. నేను చివరి వరుసలో నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, ల్యాబులో రీడింగులు రాసుకున్నట్టు రాసుకుందామని.

మొదటిది ఉపన్యాసాలు చెప్పేవాళ్లు కాలరుకు పెట్టుకునే మైకు. దాన్ని భయ్యా గుడ్డముక్క అడ్డం వేసి తీగల చివర తగిలించాడు. జలుబు చేసినవాడు పాడినట్టు వినిపించింది. నాన్న తల అడ్డంగా ఊపాడు.

రెండోది వాయిద్యాల కోసమే చేసింది. వంగే సన్నటి కాడ, దాని చివర గింజంత మైకు. నాన్న కమాను వేయగానే నేను రాసుకోవడం మానేశాను. మా ఇంట్లో చాప మీద వినిపించే వయొలిన్ ఉన్నదున్నట్టు అంత హాలునూ నింపింది. సరిపోయింది, ఇక వెతకక్కర్లేదు అనుకున్నాను.

"ఇదీ అంతేనమ్మా," అన్నాడు నాన్న వేదిక మీంచి. "ముసుగేసినట్టుంది. నా వయొలిన్ ఇలగుండదు."

మూడోది తీగలను మోసే చిన్న చెక్క బ్రిడ్జిని పళ్లతో కొరికి పట్టుకున్నట్టుండే మైకు. చెక్క అదురునే తీసుకుంటుంది. దాంట్లోంచి వచ్చిన శబ్దానికి నా పళ్లు జివ్వుమన్నాయి. రేకు మీద మేకుతో గీసినట్టుంది, స్వరం కంటే కమాను ఒరుసుకోవడమే ఎక్కువ వినిపిస్తోంది. నాన్న కళ్లు తెరిచాడు. మొహం వెలిగిపోయింది.

"ఇదీ! ఇదమ్మా నా వయొలిన్. కొన్నేళ్లుగా దీనికేటైందో తెలక తీగలు మారస్తన్నాను. ఇప్పుడు తిరిగొచ్చింది!"

ఆగకుండా వాయిస్తూనే ఉన్నాడు. మైకుల భయ్యా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"దీదీ, అంకుల్ పనిచేసింది ఎక్కడ?"

"ఫోర్జింగ్‌లో."

"మా పెద్దనాన్న కూడా అలాంటి చోటే. ఆ మోతకి చెవుల్లో సన్న శబ్దాలు ముందు పోతాయి దీదీ, వాళ్లకి పతా నహీ చల్తా, పోయినట్టే తెలీదు. మనకి కీచుమన్నదే ఆయనకి బరాబర్ ఉంటుంది."

మా ఇంట్లో నాన్న చేతి గడియారం అలారం పొద్దున్నే సన్నగా కూసేది. పక్కనే పడుకున్న నాన్న కదిలేవాడు కాదు, అమ్మ లేచి ఆపేది. మొద్దు నిద్ర అని నవ్వుకునేవాళ్లం. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చింది.

"చెప్పేద్దామా?" అన్నాడతను.

వేదిక వైపు చూశాను. పోయిన మనిషి తిరిగొచ్చినట్టు వాయిస్తున్నాడు నాన్న. ఎలా చెప్పను?

చివరికి అతనే దారి చెప్పాడు. రెండు మైకులూ తగిలిద్దాం. కాడ మైకు హాలు స్పీకర్లకు, బ్రిడ్జి మైకు నాన్న పక్కనున్న పెట్టెకు మాత్రమే. ఎవరికి కావలసింది వాళ్లు వింటారు. "రెండెందుకు?" అని నాన్న అడిగితే, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందన్నాను. నా తెలివికి మురిసిపోయాడు.

ఉగాది సాయంత్రం హాలు నిండింది. ముందు రెండు వరుసల్లో ఆయన కార్ఖానా స్నేహితులు ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్నారు. వెనక కుటుంబాలు, పిల్లలు. మొదటి కీర్తన చక్కగా సాగింది. రెండోది మొదలుపెట్టే ముందు నాన్న తన పక్క పెట్టెను చూపించి, ఇంకా పెంచమని సైగ చేశాడు. భయ్యా పెంచాడు. మళ్లీ పెంచమన్నాడు. మళ్లీ పెంచాడు.

అప్పుడు మొదలైంది కూత. పెట్టెలోంచి వచ్చిన శబ్దం వయొలిన్ చెక్కను అదిరించి, ఆ అదురు తిరిగి మైకులో దూరి, సూదిలాంటి సన్నటి ఈల ఒకటి లేచింది. కాడ మైకు దాన్ని అందుకుని హాలంతా పరిచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒక పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాన్న పక్కన డోలక్ వాయించే ఆయన భుజాలు ముడుచుకుని నా వైపు చూశాడు.

నాన్న కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు.

ముందు వరుసలను చూసి నేను నిలబడిపోయాను. అక్కడ ఒక్కరూ కదలలేదు. పాతికమంది పెద్దవాళ్లు ఆ ఈల కింద హాయిగా కూర్చుని, తలలూపుతూ, తొడల మీద తాళం వేస్తున్నారు. వాళ్లెవరికీ అది వినిపించడం లేదు.

తగ్గించమని భయ్యాకు చెయ్యి ఊపాను. తగ్గించాడు. ఈల ఆగింది, నాన్న కమానూ ఆగింది. పెట్టె వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"మైకు పోయిందేటి తల్లీ?"

ఆ మాట కాడ మైకులోంచి హాలంతా వినిపించింది. ముందు వరుసలోని స్నేహితులు కూడా వెనక్కి తిరిగి నన్ను చూశారు. పెంచమని నేను చెయ్యి పైకెత్తాను. భయ్యా నన్నొకసారి చూసి, మళ్లీ పెంచాడు. నాన్న నవ్వి, ఆపిన చోటి నుంచి అందుకున్నాడు.

తర్వాత అరగంటా అలాగే గడిచింది. భయ్యా ఎన్ని మరలు తిప్పినా ఈల ఒకచోట అణిగితే మరోచోట లేచేది. తల్లులు పిల్లలను ఎత్తుకుని ఒక్కొక్కరే బయటికి వెళ్లారు. వెనక కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేను తలుపు పక్కన నిలబడి, వెళ్లేవాళ్ల దారికి అడ్డం లేకుండా తప్పుకోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. చివర్లో స్నేహితులు లేచి చప్పట్లు కొట్టారు. ఒకాయన కండువా కప్పి నాన్నను కావిలించుకుని ఏడ్చాడు.

రిక్షాలో నాన్న అడిగాడు, "ఎనకోళ్లు ఎల్లిపోయారేటి?"

"పిల్లలకు పరీక్షలు నాన్నా."

మూడు రోజులు ఆ అబద్ధంతో తిరిగాను. బ్రిడ్జి మైకు మనమే ఉంచేసుకుందాం, భయ్యాకు చెప్పు అని నాన్న అన్న పొద్దున ఇక ఆగలేక అంతా చెప్పేశాను. ఆయన ఒళ్లో వయొలిన్ పెట్టుకుని విన్నాడు.

"ఎంతసేపు కూసింది?"

"చాలాసేపు."

"మరి నువ్వేటి సేసావు?"

తలుపు పక్కన నిలబడ్డానన్నాను. ఆయన కోప్పడలేదు. వయొలిన్‌ను పెట్టెలో పెట్టి, మూత వేసి, దాని మీద చెయ్యి ఉంచి కూర్చున్నాడు. "మా వోళ్లెవరికీ ఇనపడనేదా?" అన్నాడు. లేదన్నాను.

మరుసటి వారం దుర్గ్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అద్దం బిగించిన చిన్న గదిలో నాన్నను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో మీట పెట్టారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. మొదట గబగబా నొక్కాడు. పరీక్ష చేసే అమ్మాయి ఇవతల సన్నటి శబ్దాల వైపు మర తిప్పుకుంటూ పోయింది. మీట మీద బొటనవేలు ఆగిపోయింది. ఆమె ఇంకా తిప్పింది, కాగితం మీద ఏదో రాసుకుంది, మళ్లీ తిప్పింది.

నాన్న తలెత్తి అద్దంలోంచి నన్ను చూశాడు. శబ్దం వచ్చిందో లేదో నా మొహంలో వెతుకుతున్నాడు. గది బయట ఉన్న నాకూ ఏమీ వినిపించదని ఆయనకు తట్టలేదు. ఎలా చూడాలో తెలియక అలాగే చూశాను. ఆయన బొటనవేలు ఒకసారి కదిలింది, నొక్కలేదు.

"మీరలా ఎదురుగా నిలబడకండి దీదీ," అంది ఆ అమ్మాయి హిందీలో. "ఆయన మిమ్మల్ని చూసి నొక్కుతారు."

నేను వరండాలోకి వెళ్లి నిలబడ్డాను.