ఎర వంట

నది పరిశోధన కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్తకి ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, చివరిసారి ఏం తిన్నారో కనుక్కోకుండా వదిలిపెట్టడు. మర్యాదకి అడిగి ఊరుకునే రకం కాదు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు, అన్నీ కావాలి. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి ఎండలో నిలబెట్టి అడిగాడు. ఓసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో పరికరాలుండగానే డాక్టర్ని అడిగాడట. డాక్టరు జవాబు చెప్పేదాకా పన్ను కదల్లేదని కేంద్రంలో చెప్పుకునేవారు.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగంలోంచి అంటుకుంది. ఎక్కడో పరాయి నీళ్ళలో పుట్టిన ఎర్ర రొయ్యల్ని ఎవరో గాజుతొట్టెలో పెంచి, విసుగొచ్చి నదిలో వదిలేశారు. పీతకున్నట్టు రెండు డెక్కలూ, ఇనప్పెట్టెలాంటి ఒళ్ళూ. నాచు తింటాయి, నత్తల్ని తింటాయి, చేపగుడ్లు తింటాయి, కుళ్ళిన ఆకులు తింటాయి. పెంకు వదిలి మెత్తగా దొరికితే సాటి రొయ్యనీ తింటాయి. వాటి బఠాణీ గింజంత పొట్టని మైక్రోస్కోపు కింద కోసి, పట్టకారుతో విడదీసి, లోపల ఏముందో రాయడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందుకే అందరూ ఆయన్ని పొట్టల మాస్టారనేవారు.

ఎందుకు మాస్టారూ ఇలా అడుగుతారని ఎవరైనా అంటే, "రొయ్యనైతే కోసి చూసుకుంటాను. మిమ్మల్ని అడగాల్సిందే కదా" అనేవాడు.

ఆ కేంద్రానికి ఒకావిడ ల్యాబ్ అసిస్టెంటుగా బదిలీ మీద వచ్చింది. వయసు నలభై రెండు. అయినా వచ్చిన రోజు ఎవరో కొత్తమ్మాయి అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. అంతకుముందు తల్లితో కలిసి ఉండేది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఉండలేక బదిలీ అడిగి మరీ తెచ్చుకుంది. మెట్ల కింద ఒక గది అద్దెకి తీసుకుంది. ఒక్క మనిషికి ఎన్ని నీళ్ళు పోయాలో, ఎంత ఉప్పు వేయాలో చెయ్యి ఎప్పుడూ నేర్చుకోలేదు. నాలుగు రోజులు వండి, మిగిలింది పారబోసి, అయిదో రోజు నుంచి స్టవ్ వెలిగించడం మానేసింది. కిటికీ దగ్గర నిలబడి రెండు రొట్టెముక్కలు నమిలి, మంచినీళ్ళు తాగి పడుకునేది.

మాస్టారు అడిగితే మాత్రం గుడ్లు, కూర, పెరుగు అని దర్జాగా చెప్పేది. మొదటిరోజు తలూపాడు. రెండోరోజూ ఊపాడు. మూడోరోజు పట్టకారు కింద పెట్టాడు.

"వరసగా మూడు రోజులు ఏ పొట్టలోనూ ఒకటే ఉండదమ్మా. రొయ్యకే ఉండదు" అన్నాడు.

కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది. నా పొట్టతో మీకేం పని అందామనుకుని, పెద్దాయనని ఊరుకుంది.

మర్నాటికల్లా మాస్టారి దగ్గర్నుంచి నోటిమాటగా ఒక ఉత్తర్వు వచ్చింది. రొయ్యలకి ఏ ఎర నచ్చుతుందో తేల్చాలట. అందుకు ఇంట్లో వండిన తిండి కావాలట. వారంలో రెండు రోజులు కొత్తమ్మాయి, రెండు రోజులు పడవతను, రెండు రోజులు గేటు దగ్గరి కాపలా తాత వండి తేవాలి. నలుగురికి సరిపడా ఉండాలి. ఎర రుచిగా ఉందో లేదో ముందు ముగ్గురూ కూర్చుని తిని చూడాలి, ఎందుకంటే రొయ్యలు నోరు తెరిచి చెప్పలేవు. మిగిలింది నదిలో రొయ్యల్ని పట్టే బోనుల్లోకి.

కుళ్ళిన ఆకులు తినే జీవానికి తాలింపు దేనికని ఆవిడ అడిగింది. సైన్సులో పోల్చి చూడ్డం ముఖ్యమన్నాడు మాస్టారు. అడిగినవాళ్ళని నోరెత్తనివ్వని మాట అది.

అలా పడవల షెడ్డులో మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. పడవతను రోజంతా మాట్లాడని మనిషి. మొదటి వారం ఉప్పు అని ఒకే మాట అన్నాడు. రెండో వారం ఉప్పు ఎక్కువైందన్నాడు. నెల తిరిగేసరికి ఉప్పు గురించి తాతతో గంటసేపు వాదించే స్థాయికి ఎదిగాడు. బోనుల్లోకి పోవాల్సిన ఎర మాత్రం గిన్నెలో ఏనాడూ మిగల్లేదు. పడవతను ఎప్పటిలాగే చేపతలకాయలు కట్టి బోనులు దించుతున్నాడని కొత్తమ్మాయి కనిపెట్టింది. చూసీ చూడనట్టు వెళ్ళి, మర్నాటికి కూరగాయలు కొంది.

నాలుగు నెలలకి పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. కేంద్రాన్ని మూసేసి మాస్టార్ని ఇంటికి పంపేస్తారని అప్పటికే వినికిడి. అధికారి నెలవారీ నివేదికలు తిరగేసి ఒక లైను మీద వేలు పెట్టాడు. వండిన ఎర ప్రయోగం, కొనసాగుతోంది. నాలుగు నెలలూ అదే మాట. ఫలితాలేవని అడిగాడు.

ఊళ్ళో అందర్నీ ప్రశ్నలడిగే మాస్టారు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

కొత్తమ్మాయి చేతిలోని గాజు పలకలు బల్ల మీద పెట్టింది.

"ప్రయోగం ఫలించింది సార్."

"ఎన్ని పడ్డాయి?"

"ముగ్గురం పడ్డాం."

ఇంక ఆగలేదు. తను కిటికీ దగ్గర నిలబడి తిన్న రొట్టెముక్కల సంగతి చెప్పింది. తాత గోడవైపు తిరిగి ఒక్కడే తినేవాడనీ, పడవతను గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదనీ చెప్పింది. సరుకులు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారనీ, రొయ్యల చేపతలకాయలకి ఏ లోటూ రాలేదనీ చెప్పింది. వింటున్నంతసేపూ మాస్టారు తప్పు దొరికిపోయిన బడిపిల్లాడిలా నేల చూస్తూ నిలబడ్డాడు.

అధికారి కలం తీసి ఆ లైను నాలుగు చోట్లా కొట్టేశాడు. పొట్టల నివేదిక బావుందనీ, కేంద్రం నడవడానికి అది చాలనీ అన్నాడు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇవాళ వంట ఎవరిదని అడిగాడు. తాతదని చెప్పారు. తిరుగుళ్ళ ఉద్యోగమట, నెలకి ఇరవై రోజులు లాడ్జిల్లో బిస్కెట్లేనట. రెండుసార్లు వడ్డించుకుని, ఉప్పు విషయంలో పడవతని పక్షం తీసుకున్నాడు.

ఆ గొడవంతా చల్లారాక కొత్తమ్మాయికి ఒక సంగతి తట్టింది. ఈ నాలుగు నెలల్లో మాస్టారు ఒక్కరోజు కూడా షెడ్డుకి రాలేదు. పిలిస్తే, పొట్టలు పాడైపోతాయమ్మా అనేవాడు.

ఆదివారం ఆవిడ గిన్నె పట్టుకుని, ఇస్త్రీ కొట్టు మీద ఆయనుండే గదికి వెళ్ళింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. స్టవ్ మీద దుమ్ము. గిన్నె చూసి మాస్టారు కంగారుపడ్డాడు.

"ఆదివారం ప్రయోగం లేదమ్మా."

"తెలుసండీ. కంచాలు తీయండి."

రెండు కంచాలు తీశాడు. ఒకటి అరిగి గీతలు పడ్డది. రెండోది సరికొత్తది, నడిమధ్య కంపెనీ కాగితం అలాగే అంటుకుని ఉంది. కొట్టువాడు విడిగా అమ్మనంటే రెండూ కొన్నానని అడక్కుండానే చెప్పాడు. రెండూ ఒక జత కావని చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ గోటితో కాగితం గీకింది. సగం ఊడింది, సగం మొండికేసింది. కొత్త కంచం వచ్చినవాళ్ళదేనని ఆయన పట్టుబట్టాడు. ఆవిడ కుర్చీలో, ఆయన మంచం అంచున కూర్చుని తిన్నారు. ఆయన మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తినడం అయ్యాక చూస్తే ఆ మిగిలిన సగం కాగితం లేదు. బల్ల కింద వెతికారు, గిన్నెలో వెతికారు, ఎక్కడా కనబడలేదు. మాస్టారు కంచాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి పరీక్షగా చూశాడు.

"మీరే తినేసినట్టున్నారమ్మా" అన్నాడు, పట్టరాని సంతోషంతో.