కోటమ్మ చెప్పిన ఒక్క మాట

నరసరావుపేటలోని ఒక పాత సినిమా హాల్లో కోటమ్మ పన్నెండేళ్లుగా ఊడ్చే పని చేస్తోంది. ఆటకూ ఆటకూ మధ్య దొరికే పావుగంటలో నాలుగొందల కుర్చీల కింద సమోసా కాగితాలు, పాప్‌కార్న్ డబ్బాలు, ఖాళీ సీసాలు ఏరి బయటికి రావాలి. అన్నేళ్లలో ఆమె ఏ సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూసి ఎరగదు. అలా చూసిన మొట్టమొదటి సినిమా తన మొగుడి చావు మీద తీసింది.

మొగుడి పేరు పుల్లారావు. గురజాల దగ్గర పల్లెలో అన్నతో కలిసి మిరప వేసేవాడు. ఊళ్లో జరిగిన ఒక హత్యను కళ్లారా చూశాడు. చూసింది కోర్టులో చెబుతానన్నాడు. ఆ ఒక్క పాపానికి ఊరు విడిచి, ఈపూరులో కోటమ్మ పుట్టింట తలదాచుకోవలసి వచ్చింది. వాయిదా రోజు పొద్దున్నే బయల్దేరుతూ, ఏ దారిన వెళ్తున్నదీ భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అతను వెళ్లిన కాసేపటికి పక్కింటి ఫోను మోగింది. పుల్లారావు అన్న ధనుంజయరావు.

"తమ్ముడు బయల్దేరాడా అమ్మాయ్? ఎట్టా వస్తన్నాడు? నేను మనుషుల్ని తీసుకోని ఎదురెళ్తా" అన్నాడు.

కోటమ్మకు ప్రాణం లేచొచ్చింది. "బయల్దేరాడు బావా. బస్సు గాదు, ఆటోలో. అడ్డరోడ్డు మీదుగా" అంది.

అడ్డరోడ్డు దగ్గర మనుషులు ఎదురైన మాట నిజమే. వాళ్ల చేతుల్లో గొడ్డళ్లున్నాయి.

పదకొండో రోజు, వచ్చినవాళ్లంతా భోజనాలు చేసి వెళ్లాక, ఆమె బావ ఎదురుగా నిలబడి, "నీకు తప్ప ఎవురికీ చెప్పలా బావా" అంది. ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుని, పక్కన ఆడుకుంటున్న నాలుగేళ్ల కిరణ్‌ని చూపించాడు. "వాడు పెద్దోడు గావాలని లేదా నీకు?" అన్నాడు. అంతే. కేసు నిలబడలేదు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో ధనుంజయరావు ఆ ఊరికి ప్రెసిడెంటయ్యాడు. ఆ హత్య చేసినవాళ్ల మద్దతుతోనే అయ్యాడని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

కోటమ్మ పిల్లవాణ్ణి తీసుకుని పేటకు వచ్చేసింది. నాన్నని ఎవరు చంపారని వాడు అడిగినప్పుడల్లా "గిట్టనోళ్లు" అని ఊరుకునేది. పదో తరగతిలో ఎవడో తండ్రి పేరెత్తి ఎకసెక్కం చేశాడని కిరణ్ వాడి తల పగలగొట్టి వచ్చాడు. చొక్కా నిండా రక్తం. కళ్లల్లో మాత్రం ఒక్క చుక్క నీళ్లు లేవు. ఆ చొక్కా ఉతుకుతూ కోటమ్మ గట్టిగా అనుకుంది. బావ పేరు నా నోటి నుంచి వీడి చెవిన పడిన రోజున వీడు నాకు దక్కడు. నరికి జైలుకన్నా పోతాడు, లేదంటే వాళ్ల చేతుల్లోనన్నా పోతాడు.

ఏడాదిన్నర కిందట హైదరాబాదు నుంచి వెంకటకృష్ణ అనే కుర్ర రచయిత వచ్చాడు. పల్నాడు మీద సినిమా తీస్తున్నామని, నిజంగా జరిగినవి వింటున్నామని చెప్పి, హాలు మెట్ల మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఆ రోజు ఏం జరిగిందమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు. పదహారేళ్లలో ఆ మాట ఆమెను అడిగినవాడు లేడు. పోలీసులు అడిగింది వేరు, లాయర్లు అడిగింది వేరు. కోటమ్మ చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ఫోను సంగతీ చెప్పింది, తన నోటితో అన్న మాటా చెప్పింది. అంతా అయ్యాక భయం పుట్టి అతని చెయ్యి పట్టుకుంది.

"మా బావ సంగతి మాత్రం రాయొద్దయ్యా. నా కొడుకు చూస్తాడు."

"రాయనమ్మా. మీ మీద ఒట్టు" అన్నాడు వెంకటకృష్ణ. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

సినిమాకు 'నాపరాళ్ళ దారి' అని పేరు పెట్టారు. విడుదలైన రోజు ఉదయం ఆటకు మేనేజరు వాజిద్ ఆమెను పిలిచి, "కోటమ్మక్కా, మీ వైపు కథంట. ఈ ఒక్క ఆట కూర్చోని చూడు" అని చివరి వరసలో కుర్చీ చూపించాడు. ఆమె చీపురు గోడకు ఆనించి కూర్చుంది. తెర మీద మొగుడు మంచివాడు, బలమైనవాడు. అన్న రాముడిలాంటివాడు, తమ్ముడి కోసం ప్రాణమిచ్చే మనిషి. కోటమ్మకు కాస్త నవ్వొచ్చింది, కాస్త ఊరటా కలిగింది. అన్నను తప్పించారు, చాలు అనుకుంది. చివరికి గొడ్డళ్లు లేచాయి. హాలంతా ఈలలు వేసింది. ఆ తర్వాత కథ వెనక్కి తిరిగింది. ఆ పొద్దున ఇంట్లో ఫోను ఎత్తింది ఎవరో చూపించారు. భార్య. శత్రువుల వైపున్న తన తమ్ముణ్ణి కాపాడుకోవడానికి ఆమె ఫోనులో ఒకే ఒక్క మాట అంటుంది.

"బయల్దేరాడు."

హాలు బూతులతో హోరెత్తింది. కోటమ్మ కుర్చీలోనే ఉండిపోయింది. జనం ఆమె కాళ్లు తొక్కుకుంటూ బయటికి పోయారు.

ఆ సాయంత్రం హాలు ముందు ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు మైకు పెడితే ధనుంజయరావు కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఇది మా తమ్ముడి కథేనండీ. ఇన్నాళ్లు ఇంటి పరువని నోరిప్పలేదు. ఇప్పుడు సినిమావాళ్లే బయటపెట్టారు. ఆమె ఈ హాల్లోనే ఊడుస్తా ఉంటది" అన్నాడు.

మిగతా ఊళ్లల్లో సినిమా అంతంతమాత్రంగా ఆడింది. వాజిద్ ఫోనులో రివ్యూలు చదివి వినిపించేవాడు. మొదటి సగం సాగదీశారని ఒకరు రాశారు. పల్నాడంటే గొడ్డళ్లు తప్ప ఏమీ లేదా అని మరొకరు తిట్టారు. రెండుంపావు రేటింగిచ్చిన వాడు కూడా చివరి మలుపు కోసం చూడొచ్చని రాశాడు. మాచర్లలో కొందరు తమను ఆటవికుల్లా చూపించారని ఫ్లెక్సీలు చించారు. గురజాల నుంచి మరికొందరు ట్రాక్టర్లు కట్టించుకుని చూడటానికొచ్చారు. బాగుందన్నవాళ్లూ బాగాలేదన్నవాళ్లూ కలిసింది ఒక్క దగ్గరే. "ఆ పెళ్లాం ముండని నరికినా పాపం లేదు."

పేటలో మూడు వారాలు ఆడింది. రోజుకు నాలుగాటలు. ప్రతి ఆట తర్వాతా కోటమ్మ లోపలికెళ్లి ఊడ్చింది. సైకిల్ స్టాండు దగ్గర కుర్రాళ్లు ఆమె కనబడగానే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "బయల్దేరాడు" అనేవాళ్లు. పన్నెండేళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న రూతమ్మ తన క్యారేజీ తీసుకుని దూరంగా కూర్చుంది. కోటమ్మ వాజిద్ ఫోను అడిగి వెంకటకృష్ణకు చేసింది.

"ఏందయ్యా ఇట్టా చేశావు?"

"మీరే గదమ్మా బావ సంగతి వద్దన్నారు. ఎవరో ఒకరు చెప్పాలి గదా, లేకపోతే కథ ఎట్లా నిలబడుద్ది?" అన్నాడతను. నిజంగానే అతని గొంతులో తప్పు చేశానన్న జంకు లేదు.

కిరణ్ బైకు షోరూములో పనిచేస్తాడు. సినిమా విడుదలైన మూడో రోజు మ్యాట్నీ చూసి తిన్నగా ఇంటికొచ్చాడు. కోటమ్మ బియ్యం ఏరుతోంది. చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"అది అబద్ధమని చెప్పమ్మా. చాలు."

"సినిమా రా అది. అన్నీ కల్పించి తీస్తారు."

"ఆ పొద్దున నువ్వు ఫోనులో మాట్లాడావా లేదా?"

కొడుకు దగ్గర కోటమ్మ ఎన్నో దాచింది కానీ ఎన్నడూ అబద్ధమాడలేదు. "మాట్లాడా" అంది.

"బయల్దేరాడని చెప్పావా?"

"చెప్పా."

"ఎవురికి?"

ఒక్క పేరు. అది అంటే ఆమె బయటపడుతుంది. వాడు సాయంత్రానికి గురజాలలో ఉంటాడు. ఆమె చేట కింద పెట్టి వాడి ముఖంలోకి చూసింది. రక్తం చొక్కాతో వచ్చిన నాటి కళ్లే అవి.

"ఎవురికమ్మా?"

"నన్నడగమాక" అంది కోటమ్మ.

కిరణ్ లేచాడు. కొట్టలేదు, తిట్టలేదు. గుమ్మం దాటి మట్టిలో ఉమ్మి, బండి తీశాడు. ఆ వారంలోనే పెదనాన్న ఇంటికి వెళ్లిపోయాడని, ఆయన కారు నడుపుతున్నాడని తెలిసింది.

కోటమ్మ ఉండబట్టలేక గురజాల బస్సెక్కింది. ధనుంజయరావు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. కుర్చీ చూపించలేదు.

"నా బిడ్డను నాకు పంపు బావా."

"నేను కట్టేశానా? చెప్పుకో పోయి, ఉన్నది ఉన్నట్టు." ఆయన పేపరు మడిచాడు. "నన్ను నరుకుతాడు. డెబ్బై ఏళ్లోణ్ణి, నాకు పొయ్యేదేముంది? వాడికి ఇరవై రెండు. నువ్వే లెక్కేసుకో."

లోపల కారు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. కిరణ్ బయటికి రాలేదు. కోటమ్మ తిరుగు బస్సుకు నడిచింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే తోచింది. వాడు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఆ పేరు వాడికి ఇక ఎవరూ చెప్పరు. బతుకుతాడు.

మరుసటి ఏడాది మాఘమాసంలో కిరణ్ పెళ్లి కుదిరింది. శుభలేఖ ధనుంజయరావు స్వయంగా తెచ్చి, హాలు మెట్ల మీద అందరూ చూస్తుండగా ఆమె చేతిలో పెట్టాడు. "రా అమ్మాయ్. ఎంతైనా కన్నదానివి" అన్నాడు. శుభలేఖలో తల్లిదండ్రుల చోట ఆయన పేరు, ఆయన భార్య పేరు ఉన్నాయి.

కోటమ్మ వెళ్లింది. ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని, మండపంలో వెనక వరసలో కూర్చుంది. తలంబ్రాలప్పుడు కిరణ్ నవ్వుతున్నాడు. నవ్వితే అచ్చం తండ్రే. అక్షింతలు వేయడానికి అందరూ ముందుకు వెళ్తే, ఆమె కూర్చున్నచోటు నుంచే విసిరింది. అవి ముందు వరసలో ఎవరి జడలోనో పడ్డాయి.

పక్కన కూర్చున్న పెళ్లికూతురి తరఫు ఆవిడ కలుపుగోలుగా, "మీరు ఎవురి వైపండీ?" అని అడిగింది.

"పిల్లాడి నాన్న వైపు."

"ఓహో, ధనుంజయరావు గారి వైపా?"

కోటమ్మ ఆవిడ వైపు తిరిగింది. మైకులో బ్యాండు హోరెత్తుతోంది.

"ఆఁ, ఆయన వైపే" అంది.