సంతకం పెట్టని కప్పు

పనివాళ్లు కాగితం చదవలేరనుకునే వాళ్ల కోసమే ఈ సంగతి రాస్తున్నాను.

కువైట్‌లో ప్రభుత్వ భవనాల మరమ్మతులకు మా కంపెనీది ఏడాది పొడవునా ఒకే కాంట్రాక్టు. ఏది చెడినా దానికి విడిగా జాబ్ ఆర్డర్ వస్తుంది, చేయాల్సినవన్నీ అందులో వరుసగా ఉంటాయి. బడి ఏడుతో మానేసినా, ఆ ఆర్డర్లలో ఉండే ఇంగ్లీషును లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను.

జాబ్రియాలో ఒక బడి కప్పు పని. వదులైన ప్లాస్టర్ తీసి, కొత్తది వేశాకే రంగు వేయాలని ఆర్డర్‌లో ఉంది. మా ఫోర్‌మన్ నేరుగా రంగు వేయించి, పని పూర్తయిందన్న కాగితం మేస్త్రీనైన నా ముందు పెట్టాడు.

“సంతకం పెట్రా పండితుడా, యల్లా!”

“పెట్టనన్నా. పిల్లోళ్ల నెత్తిన పడితే ఎవురు జవాబు చెప్తారు?”

“ఇఖామా ఖలాస్ చేయిస్తా. ఇక్కడుండే పర్మిట్ పోయి ఊరికి పోతావ్!”

“పోతా. సంతకం మాత్రం పెట్టను.”

అంతలో ప్రభుత్వ ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. నిచ్చెనెక్కి, సుత్తితో కప్పును తట్టాను. నాలుగో దెబ్బకు పళ్లెమంత పెచ్చు బెంచీ మీద పడి పగిలింది. ఇంజనీరు ఆర్డర్ నా చేతికిచ్చి చదవమన్నాడు. ఫోర్‌మన్‌కు వినపడేలా మొత్తం చదివాను.

కప్పు మళ్లీ చేశాం. నన్ను మాత్రం దూరాన, బస్సులు దొరకని వఫ్రాలో పనులకు మార్చారు. అయినా అలాంటి కాగితం ఇంకోటి వస్తే, అప్పుడూ సంతకం పెట్టను.

నిచ్చెన పట్టుకున్న మస్తాన్‌కు, ఆ సంతకం తానూ పెట్టనన్న తోటి మేస్త్రీ రమణయ్యకు, అడిగినప్పుడల్లా డిక్షనరీ తీసిచ్చిన లైబ్రరీ ఫాతిమా గారికి నా కృతజ్ఞతలు.