సున్నాకి తోక

మా బాబాయి ఎవరినీ నమ్మడు. నింద వేస్తున్నాననుకోకండి, అది ఆయన ఉద్యోగం. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషి. రిటైరయ్యాక ఖాకీ చొక్కా బీరువాలో పెట్టాడు గానీ అనుమానాన్ని ఇంకా ఒంటిమీదే వేసుకు తిరుగుతున్నాడు. పాల ప్యాకెట్ బరువు, మందు సీసా మీద తేదీ, ఆకలి లేదని నేను చెప్పే అబద్ధం, అన్నీ ఆయన చేతిమీదుగా దాటాల్సిందే. వీధిలో అందరూ చెకింగుగారు అంటారు. అసలు పేరు పిన్నికైనా గుర్తుందో లేదో.

"టికెట్ తర్వాత చూడాలే. ముందు మొహం చూడాలి," అనేవాడు నాతో. టికెట్ లేనివాడు రెండు పనుల్లో ఒకటి చేస్తాడట. అడక్కముందే జవాబు చెబుతాడు. లేదంటే జన్మలో వీధి మొహం ఎరగనట్టు కిటికీలోంచి తెగ శ్రద్ధగా చూస్తాడు. ఆ రెండు గుర్తులతోనే ఆయన సర్వీసంతా నెట్టుకొచ్చాడు.

అలాంటి మనిషి కొత్త టీవీ కొంటానన్నాడు. పెట్టెల మీద ఇంగ్లీషు చదివిపెట్టడానికి నన్ను తోడు రమ్మన్నాడు. నా తలప్రాణం తోకకొచ్చింది.

మొదలుపెట్టింది పిన్ని. "టీవీ మసకబారిందండీ. బొమ్మ తేటగా లేదు," అంది. బాబాయి మెకానిక్‌ని పిలిపించాడు. అతను వెనక మూత విప్పి, మళ్ళీ బిగించి, టీవీ నిక్షేపంగా ఉందని చెప్పి, డబ్బులు కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. బాబాయికి అక్కడే అనుమానం వచ్చింది.

"ఊరికే వచ్చి చూసి వెళ్ళాడంటే దాని వెనక ఏదో ఉంది. మీ పిన్ని మసకగా ఉందంటోంది, వాడు లేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?"

ఇక ప్రశ్నే లేదు. ఈ లోకంలో ఆయన తనిఖీ చెయ్యకుండా వదిలేసిన మనిషి ఒక్కతే, పిన్ని.

పిన్నిని కూడా వెంటబెట్టుకుని షాపులన్నీ తిరిగాం. ఎల్ఈడీ అంటే తెర వెనక దీపాలుంటాయనీ, ఓఎల్ఈడీ అంటే ఏ చుక్కకా చుక్కే వెలుగుతుందనీ, క్యూఎల్ఈడీలోనూ వెనక దీపాలే గానీ రంగుల కోసం మధ్యలో ఇంకో పొర ఉంటుందనీ నేను చదివి చెప్పాను. బాబాయి ఆ చివరి రెండింటి పెట్టెలూ పక్కపక్కన పెట్టించి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, పేర్లకేసి చూశాడు.

"ఇది ఓ. ఇది క్యూ. తేడా ఏంటి?"

"అవి వేరే వేరే రకాలు బాబాయ్."

"అది కాదే. సున్నాకి తోక తగిలించారు. నెలపాసుల మీద ఇలాంటివి ఎన్ని పట్టుకున్నానో! ఒకటిని నాలుగు చేసేవాళ్ళు, మూడుని ఎనిమిది చేసేవాళ్ళు. ఇక్కడెవడో ఓ మీద బాల్‌పెన్ను పెట్టాడు."

కంపెనీలు అలాగే పేర్లు పెట్టుకుంటాయని ఎంత చెప్పినా వినడే! గోరుతో ఆ తోకని గీకి కూడా చూశాడు. సేల్స్‌మన్ అటు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరి షాపులో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. చీకటి గది. గోడకి రెండు టీవీలు. ఎడమవైపు దాంట్లో నక్షత్రాల ఆకాశం వస్తోంది.

"ఈ గది ఎందుకు చీకటిగా ఉంచారు?" అన్నాడు బాబాయి.

"నలుపు బాగా తెలుస్తుంది సార్."

"మా ఇంట్లో లైటు వేసుకునే చూస్తాం. చీకట్లో పెట్టి మసిపూసి మారేడుకాయ చెయ్యకండి."

ఆయన ఓపిగ్గా నవ్వి పిన్నికేసి తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. రెండింట్లో నలుపు..."

"ఆ, ఆ, తెలుస్తూనే ఉందిగా," అంది పిన్ని. "కుడివైపుది ఎంత బాగుందో! నక్షత్రాలు కూడా తళతళలాడుతున్నాయి. ఇదే తీసేసుకుందామండీ."

ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అది ఇంకా ఆన్ చెయ్యలేదమ్మా."

నాకు నవ్వాగలేదు. టైపెద్దమనిషీ నవ్వాడు. పిన్ని కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. బాబాయి మాత్రం నవ్వలేదు. టీవీల కేసి చూడటం మానేసి పిన్ని మొహం కేసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. బస్సు వెనక తలుపులోంచి ఎక్కి, సీట్లన్నిటి మీదా ఒకసారి తిప్పి, ఒక్కచోట ఆపే చూపు అది.

ఏమీ కొనకుండా బయటికొచ్చాం. బస్సెక్కాం. పిన్ని కిటికీ పక్కన, బాబాయి ఆమె పక్కన, నేను వెనక సీట్లో. కండక్టర్ ఇచ్చిన టికెట్ బాబాయి పిన్ని చేతిలో పెట్టాడు.

"నంబరెంతో చదువు."

"ఇప్పుడెందుకండీ, ఇంటికెళ్ళాక..."

"చదవవే."

పిన్ని టికెట్ మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. మెల్లగా తల తిప్పి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. తెగ శ్రద్ధగా చూస్తోంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు బాబాయి. ఆ గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

పిన్ని ఇటు తిరగలేదు. "ముందు టీవీయే అనుకున్నా. నిజంగానే. తర్వాత గోడమీద గడియారం కూడా మసకేసింది. మీ మొహం కూడా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తారు? పన్ను నొప్పొస్తే ఊళ్ళో పళ్ళ డాక్టర్లందర్నీ దొంగల్ని చేశారు. ఒకాయన మనల్ని బయటికి పొమ్మన్నాడు కూడా. నాది కన్నండీ. మీరిలా ఆరాలు తీస్తూ తిప్పుతుంటే ఈలోపు ఉన్నది కాస్తా పోతుందేమోనని భయమేసింది."

బాబాయి ఆమె గుప్పిట విప్పి, టికెట్ తీసి, జేబులో పెట్టుకున్నాడు. "డాక్టర్ని ఒక్క మాటా అడగను. నీమీద ఒట్టు," అన్నాడు.

నేను నమ్మలేదు. నాదీ ఆయన రక్తమేగా.

మా వీధి చివర కంటి ఆస్పత్రికే వెళ్ళాం. డాక్టరమ్మ చూసి, శుక్లాలు బాగా ముదిరాయనీ, ఆపరేషన్ ఆలస్యం చెయ్యకూడదనీ చెప్పింది. "లోపల పెట్టే లెన్సుల్లో మూడు రకాలున్నాయి," అంటూ బల్లమీద మూడు బొమ్మలు పరిచింది. మూడు రకాలు! ఇక అయిపోయాం అనుకుని కుర్చీ అంచులు పట్టుకున్నాను.

బాబాయి నోరు విప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రి కిటికీలోంచి సైకిల్ స్టాండు కేసి తెగ శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన భయపడగా చూడటం నాకదే మొదలు.

"మీ ఇష్టం డాక్టరుగారూ," అన్నాడు అటే చూస్తూ. "మీరేది పెట్టినా సరే."

పిన్ని ఉలిక్కిపడింది. చెయ్యి చాపి ఆయన మోచెయ్యి తడుముకుని పట్టుకుంది.

"ఏమండీ, కిటికీలోంచి చూస్తున్నారా?"

ఆయన మొహం ఇంకాస్త అటు తిప్పుకున్నాడు.

"అడగండీ. ఏదో ఒకటి అడగండి. మీరు అడక్కపోతే నాకు భయమేస్తోంది."

బాబాయి ఇటు తిరిగాడు. జేబులోంచి రుమాలు తీసి ముందు కళ్ళూ తర్వాత కళ్ళజోడూ తుడుచుకున్నాడు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ మొదటిదానికీ రెండోదానికీ పేరులో ఒక్క అక్షరమే తేడా ఉంది," అన్నాడు. "ఎందుకలా పెట్టారు?"

డాక్టరమ్మ చెప్పింది. ఆయన ఇంకోటి అడిగాడు, దానిమీద ఇంకోటి. బయట పేషెంట్లు విసుక్కుంటున్నారు, నర్సు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళింది. పిన్ని మాత్రం ఆయన మోచెయ్యి వదిలి, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా కళ్ళు మూసుకుంది.