కంప్యూటర్ సార్ ఎక్స్‌పీరియన్స్

మా జిల్లాలో కంప్యూటర్ అనుభవం అందరికంటే ఎక్కువ ఉన్న పెద్దమనిషి, ఆ మిషన్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోకుండానే రిటైరయ్యాడు. నేను వెటకారానికి అనడం లేదు. ఆఫీసు అట్లా తేల్చింది. ఆఫీసు తేల్చాక కాదనడానికి మనమెవరం?

ఆదిలాబాద్‌లో మాది పంటల లెక్కలు కట్టే సర్కారు ఆఫీసు. ఆయన అందులో 1969లో చేరాడు. ఆయన ఉద్యోగం పేరే కంప్యూటర్. ఆ రోజుల్లో లెక్కలు కట్టే గుమాస్తాను సర్కారు అట్లా పిలిచేది. ఏ తాలూకాలో పత్తి ఎంత పండింది, జొన్న ఎంత పండింది, చేత్తో తిప్పే లెక్కల మిషన్ ముందర పెట్టుకుని గరగరా తిప్పుతూ సరాసరి తీసేవాడు. అందరం ఆయన్ని కంప్యూటర్ సార్ అనేవాళ్లం.

నేనేమో హైదరాబాద్‌లో కార్డులకు చిల్లులు కొట్టే సెక్షన్‌లో చేరి, అక్కడి పెద్ద కంప్యూటర్‌కు ఏళ్ల తరబడి ఆ కార్డులే మేతగా వేసినదాన్ని. తర్వాత టేపులు, ఫ్లాపీలు, ప్రోగ్రాములు ఒక్కొక్కటే నేర్చుకున్నాను. మా ఆయనకు ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పని దొరికితే నేనూ బదిలీ చేయించుకుని వచ్చాను. వచ్చి చూస్తే ఇక్కడ కంప్యూటరే లేదు. తపాల్ సెక్షన్‌లో కూచోబెట్టారు. వచ్చిన కవర్లు చింపడం, పోయే కవర్లు అంటించడం. దానికి నా చదువంతా పనికొచ్చింది.

ఎనభైల చివర్లో మా ఆఫీసుకూ ఒక కంప్యూటర్ వస్తుందన్నారు. దానికొక ఇంచార్జి పోస్టు కూడా. ఆ కుర్చీ నాది కాకపోతే ఇంకెవరిది అనుకున్నాను. అంత ఆశ నేను పెళ్లప్పుడు కూడా పడలేదు. ఊరంతా పత్తి దూది ఎగురుతుందని ముందు ఒక గదికి కిటికీలు మూసి, ఏసీ పెట్టి, చెప్పులు బయటే విడవాలని బోర్డు కట్టారు. దేవుడికి గుడి తయారైంది. పూజారిని తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసర్ వచ్చాడు.

పోటీలో మిగిలింది కంప్యూటర్ సారూ నేనూ, ఇద్దరమే. ఆఫీసర్ మమ్మల్ని పక్కపక్కన కూచోబెట్టి, కంప్యూటర్‌లో ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్ అని అడిగాడు. నేను డెబ్బై ఆరు నుంచి అని గర్వంగానే చెప్పాను.

"నేను అరవై తొమ్మిది సంది కంప్యూటర్‌నే సార్" అన్నాడాయన. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"అరవై తొమ్మిదిలోనే! ఆదిలాబాద్‌లో!" ఆఫీసర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మధ్యలో ఎప్పుడూ ఆగిపోలేదా?"

"ఒక్కపారి సార్, నాకు కామెర్లు అయినప్పుడు. మల్ల ఎన్నడూ ఆగలే."

ఆఫీసర్‌కు కామెర్లు వినపడలేదు. తల ఊపుతూ రాసుకుంటున్నాడు. నేనిక ఆగలేకపోయాను.

"సార్, ఆయన మనిషి కంప్యూటర్ సార్. వచ్చేది మిషన్ కంప్యూటర్" అన్నాను.

"సీనియర్లను చూసి ఓర్వలేకపోవడం మంచిది కాదమ్మా" అన్నాడు, ఎంతో చల్లగా.

ఆయన ఇంచార్జి, నేను సహాయకురాలు. మొదటిరోజు ఆయన చెప్పులు విడిచి గడప బయటే నిలబడ్డాడు, లోపలికి రాడు.

"ఇంచార్జి గదా సార్, కూసోండ్రి" అన్నాను కసిగా.

"చెల్లె, గా మిషన్ నా పని చేస్తదట గదా. మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కంప్యూటర్ వచ్చినంక కంప్యూటర్ పోస్టు తీసేస్తరన్నరు. ఇంట్ల పిల్లలున్నరు. అందుకే ఆ సార్ ముంగట నోరు మూసుకున్న."

నా కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియకుండా పోయింది.

తర్వాతి ఏళ్లన్నీ ఆయన ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని ఏసీలో కూచున్నాడు. నేను తీసిన ప్రతి కాగితాన్నీ తన మిషన్ మీద గరగరా తిప్పి సరిచూసి సంతకం పెట్టేవాడు. రెండు లెక్కలూ కలిస్తే "పర్వాలేదు, నేర్చుకుంటున్నది" అనేవాడు. నన్ననేవాడో, కంప్యూటర్‌ననేవాడో నేనెప్పుడూ అడగలేదు.

తొంభైల్లో ఆయన రిటైరయ్యాడు. సభ పెట్టారు, దండ వేశారు, నిర్మల్ బొమ్మ చేతిలో పెట్టారు. అప్పటికి కొత్త ఆఫీసర్. కంప్యూటర్ రంగంలో ఇంత సుదీర్ఘ సేవ రాష్ట్రంలోనే అరుదని మాట్లాడాడు. అరుదే మరి.

ఆయన లేచి మైకు పట్టుకున్నాడు.

"నేను కంప్యూటర్‌గ పనిచేసిన. కంప్యూటర్ మీద పనిచేసింది గీ చెల్లె. నాకు బటన్ ఒత్తి దాన్ని చాలు చేసుడు కూడా రాదు సార్. గా కుర్సీ ఈమెకు ఇయ్యుండ్రి."

ఇన్నేళ్లకు ఒకరు అందరి ముందర ఆ మాట అన్నారు.

"చూశారా!" అన్నాడు ఆఫీసర్ లేచి. "ఇంత అనుభవం ఉండి కూడా ఎంత వినయమో!"

హాలంతా చప్పట్లు. ఆయన పాపం, "వినయం గాదు సార్, నిజం" అంటూనే ఉన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

టీలు తాగుతుండగా ఆఫీసర్ నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, వచ్చే వారం కొత్త ఇంచార్జి వస్తున్నాడు. హైదరాబాద్‌లో మంచి కోర్సు చేశాడు. ఇక్కడి పని కాస్త మీరే నేర్పించాలి."

"నేను నేర్ప సార్" అన్నాను. "నేనెవరికీ నేర్ప. కుర్సీ ఎవరిదైతే పని గూడ వాళ్లదే."

ఆఫీసర్ మొహం ఎర్రబడింది. నేను గ్లాసు బల్ల మీద పెట్టి, తల ఎత్తుకునే ఇంటికి వచ్చాను. తలుపు వేసుకున్నాక ఏడుపు ఆగలేదు. కుర్చీ మీద ఆశ ఆ చప్పట్లలోనే పోయింది. కానీ ఆ మిషన్ మీద నాకు ప్రేమ ఉండేది, నేర్పనన్నందుకు రేపటి నుంచి దాని మీద నా చెయ్యి పడనియ్యరు.