మాత్ర మింగించిన మామ

మొన్న తెల్లవారుతుండగా మా పెద్దమామ పోయాడు. పక్కింటి గోడ అవతలి నుంచి అత్త "మ్మే, మీ మామ పొయినాడే" అని అరిచింది. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తాను.

మా అమ్మకు అన్న ఆయన. మా ఊరు తిరుమణిలో పొలమంతా సోలారు కరెంటు కంపెనీకి లీజుకిచ్చాడు గానీ గొర్రెలను వదల్లేదు. "పొలమిచ్చినంత మాత్రాన చేతులు కట్టుకోని కూసుంటారేందప్పా?" అనేవాడు. మనసు వెన్న, నోరు మాత్రం సంత.

కొన్నేళ్ల కిందట ఆయన గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోసాగింది. బెంగళూరు ఆసుపత్రిలో మత్తిచ్చి, ఎదకు కరెంటు తగిలించి దారికి తెచ్చారు. "నా పొలంలో పుట్టిన కరెంటే తిరిగి నాకు పెట్టినారు!" అని ఊరంతా చెప్పుకున్నాడు.

గుండె కుదుటపడినా దాని లోపలి గది కొన్ని వారాలు మందకొడిగానే కదులుతుందని, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చని, రక్తం పలచన చేసే మాత్ర ఒక్క పూటా మానొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మామ కొన్నాళ్లు వేసుకున్నాడు. ఒకరోజు గొర్రెల ఉన్ని కత్తిరిస్తుంటే వేలు తెగింది. ఎంత అదిమినా నెత్తురు ఆగలేదు.

"రగతం నీళ్లయిపొయింది. గుండె బాగుండాది గదా, ఇంక మాత్ర ఎందుకు?" అని మానేశాడు. జ్వరం దిగగానే మాత్రలు పారేసే మనుషులం, మాకూ అది సబబే అనిపించింది. నెల తిరక్కుండా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. గొర్రెలను అదిలించే కూత ఒక్కటే మిగిలింది. అంత మాటకారికి ఆ గతి పట్టిందని నాకు ఏడుపొచ్చేది.

ఈ ఏడు నాకూ అదే జబ్బు, అదే కరెంటు. మేనమామ పోలిక ఊరికే పోతుందా! ఆసుపత్రి నుంచి ఊరొచ్చిన మర్నాడు పొద్దున్నే గడపలో ఆ కూత వినబడింది. మామ ఎడమచేతి కర్రతో మాత్రల డబ్బా చూపించాడు. మింగాను. నోరు తెరవమని సైగ చేసి నాలుక కింద కూడా చూశాడు. "నేనేమన్నా గొర్రెనా మామా?" అంటే మూతి ఒక పక్కకు లాగి నవ్వాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు, తనకు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న రోజు కూడా మానలేదు. ఒక్కోసారి విసుక్కునేదాన్ని. నేనింకా మాట్లాడుతున్నానంటే ఆయన చలవే.

మొన్న ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టారు. కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. అత్త ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"మాత్ర ఏసుకుంటివా మ్మే?"

"లేదత్తా."

లేచి మా ఇంట్లోకి పోయి, డబ్బా, చెంబుతో నీళ్లు తెచ్చింది. "శవం లేయకముందే నోట్లో నీళ్లేంది?" అని ఎవరో పెద్దామె అడ్డం వచ్చింది. అత్త వినిపించుకోలేదు. నేను మింగేదాకా ఎదురుగానే నిలబడింది.

"ఏదీ, నోరు తెరువు" అంది.

అంతమంది ముందు, మామ పక్కనే, నేను నోరు తెరిచాను. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, వంగి చూసింది.