ఉప్పునీటి తొట్టె, ఒక ఖాళీ గడి

తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ముందు వాసన తగిలింది. హార్బర్ దగ్గర వలలు ఆరేసినచోట వచ్చే వాసన. ముందుగదిలో అక్వేరియం గాజుకు అంటించిన థర్మామీటరు ముప్పై రెండు పాయింటు ఆరు చూపిస్తోంది. ఉండాల్సింది ఇరవై ఆరు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలూ నీటి పైఅంచుకు చేరి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. తొట్టె పక్కన నేలమీద చిల్లర్ ఉంది. నీటిని చల్లబరిచే యంత్రం అది. దానిమీద మా ఆవిడ పాత నూలుచీర రెండు మడతలు వేసి కప్పి ఉంది. లాగేశాను. యంత్రం రేకు చెయ్యి చుర్రుమనేంత కాలిపోతోంది. చీర కప్పింది నేనే.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఎలమంచిలిలో బంధువుల పెళ్ళి భోజనం చేసి, రైలు దిగి, ఆటోలో ఇంటికి వచ్చాం. పొద్దున్న ఆరున్నరకు వెళ్ళినవాళ్ళం.

ఆ తొట్టె మాది కాదు. మా అక్క భర్తది. బావ ఉక్కు కర్మాగారంలో కూలింగ్ వాటర్ పంపుహౌసులో పనిచేసి రిటైరయ్యాడు. కొలిమిల చుట్టూ తిరిగే నీళ్ళు చల్లగా ఉండేలా చూడటమే ఆయన ఉద్యోగం. కంపెనీ క్వార్టర్లో పదేళ్ళపాటు ఈ ఉప్పునీటి తొట్టె పెంచాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో కట్టుకుంటున్న ఇల్లు పూర్తికాలేదు. అక్కడే అద్దెకు తీసుకున్న వాటాలో తొట్టెకు చోటు లేదు. అలా అది మా ఇంటికి చేరింది. దానితోపాటు ఒక పొడుగాటి పుస్తకం కూడా వచ్చింది.

ఆ పుస్తకం బావ ఉద్యోగ జీవితమంతా చేసిన పనికి నకలు. పేజీకి అడ్డంగా గళ్ళు. టైము, నీటి వేడి, ఉప్పు, పంపు, చిల్లరు. ఏదైనా చెడితే రాయడానికి చివర ‘కారణం’ అని ఒక గడి. దాని పక్కన సంతకం. రోజుకు మూడుసార్లు నింపాలి. పేజీ అడుగున బావ సంతకానికి చోటు. ప్రతి ఆదివారం బస్సులో వచ్చి, ముందు పుస్తకం చూసి, తర్వాత చేపల్ని చూసి, ఆ తర్వాత మమ్మల్ని పలకరించేవాడు.

“సేపలకి కూడా ఎ షిఫ్టు, బి షిఫ్టు ఏటి బావా?” అని మొదటివారం నవ్వాను.

“పేపర్లో రాసేవోడివి నీకేటి తెలుత్తాది? మీరు తప్పు రాస్తే రేపు దిద్దుకుంటారు. నాను తప్పు సేస్తే ఆ కొలిమి ఆగిపోద్ది” అన్నాడు, రాయిమీద అతుక్కుని ఉన్న ఎనిమోన్‌ను చూస్తూనే.

చూడ్డానికి పువ్వే కాని ఎనిమోన్ కూడా జంతువే. ముదురాకుపచ్చ వేళ్ళు, చివర్లు ఊదారంగు. క్లౌన్ చేపల జంట పగలంతా ఆ వేళ్ళమధ్యనే దొర్లుతూ ఉంటుంది. చేపలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు కాని అదే ఎనిమోన్ మళ్ళీ దొరకదని బావ చాలాసార్లు అన్నాడు. నాకు అప్పగించేటప్పుడు దాన్నొక్కదాన్నే వేలుపెట్టి చూపించాడు.

ఇక చీర సంగతి. మా పేటలో ఉండేవాళ్ళకు హార్బర్ బొగ్గుగుట్టల నుంచి వచ్చే నల్లదుమ్ము అలవాటు. గాలి ఇటు తిరిగిన రోజు కిటికీ చువ్వలమీద వేలు పెడితే వేలు నల్లబడుతుంది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాలి. అందుకని ఇక్కడి ఇళ్ళల్లో టీవీ, కుట్టుమిషను, మిక్సీ, అన్నిటిమీదా ఒక గుడ్డ ఉంటుంది. ఊరికి వెళ్ళేముందు కిటికీలు వేసి, ఉన్నవాటన్నిటినీ కప్పి వెళ్ళడం మాకు గ్యాస్ కట్టెయ్యడంతో సమానం. పెళ్ళి ముందురోజు సాయంత్రం గాలి ఇటు తిరిగింది. చిల్లర్ జాలీకి నల్లటి నూగు పట్టడం చూశాను. కొత్త ఇంటికి వెళ్ళేలోపు బావ యంత్రం పాడవకూడదనుకున్నాను. చీర తీసి శ్రద్ధగా కప్పాను. యంత్రం లోపలి వేడి బయటికి పోయే దారి ఆ జాలీయేనని నాకు తోచలేదు.

పొద్దున్న వెళ్ళేముందు ఇరవై ఏడు పాయింటు రెండు ఉంది. పుస్తకంలో రాశాను. ఎండాకాలం కదా అనుకున్నాను. పెళ్ళిలో బావ పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు.

“పొద్దుట ఎంతుంది?”

చెప్పాను.

“ఒక డిగ్రీ ఎక్కువుందే. చిల్లరు సౌండు ఇన్నావా?”

“ఇన్నాను. బాగానే ఉంది.”

నిజానికి వినలేదు. అప్పుడే పులిహోర వడ్డించారు. మాట అక్కడ ఆగిపోయింది.

సబ్బవరం చేరిన బావకు ఫోన్ చేశాను. “బావా, చిల్లరు ఆగిపోయింది. ముప్పై రెండు దాటింది” అన్నాను. వెంటనే ఆయన గొంతు డ్యూటీలో ఉన్న మనిషి గొంతయింది.

“కంగారు పడకు. ముందు లైటు ఆపు. మూత తీసెయ్. టేబుల్ ఫేను తెచ్చి నీళ్ళమీదకి పెట్టు. ఫ్రిజ్‌లో ఐసు సీసాలున్నాయా?”

“ఉన్నాయి. మొన్న నువ్వు పెట్టమంటే పెట్టినవే.”

“ఒక్కటే ఎయ్. మూత గట్టిగా బిగించి ఎయ్, మంచినీళ్ళు అందులో కలవకూడదు. రెండోది అరగంట ఆగి. గంటకి ఒక్క డిగ్రీ దిగితే సాలు. తొందరపడి నాలుగూ ఏసీసావంటే అప్పుడు నిజంగానే సచ్చిపోతాయి.”

కిటికీలన్నీ తెరిచాం. నల్లదుమ్ము రానీ అంది మా ఆవిడ. ఆమెది గోదావరి వైపు. పెళ్ళి పట్టుచీర కుచ్చిళ్ళు నడుంలో దోపి, కుర్చీ ఎక్కి, ఫ్యాన్‌ను పుస్తకాల బీరువామీద నిలబెట్టి పట్టుకుంది. నేను నేలమీద కూర్చుని పావుగంటకోసారి అంకె చదివాను. ముప్పై రెండు. ముప్పై ఒకటి పాయింటు ఎనిమిది. ఎన్నో ఎన్నికల లెక్కింపులు కూర్చుని రాసినవాణ్ణి. ఏ అంకె కోసమూ అలా కాచుకోలేదు.

గంట గడిచాక చిల్లరు దానంతటదే గుర్రుమని మొదలైంది. వేడెక్కి ఆగిన యంత్రం చల్లారి మళ్ళీ పని అందుకుంది. దీపాలు పెట్టేవేళకు చేపలు పైఅంచు వదిలి కిందికి దిగాయి. కాని ఎనిమోన్ వేళ్ళు ముడుచుకుపోయి, పిడికిలంత ముద్దయింది. ఆ ముద్ద మధ్యలో నోరు తెరుచుకుని ఉంది. చేపలు దాని దగ్గరికి వెళ్ళి, తాకి, వెనక్కి వచ్చాయి.

ఆ రోజు పేజీలో టైములు రాశాను, అంకెలు రాశాను. చిల్లరు ఆగింది అని రాశాను. కారణం దగ్గర పెన్ను పెట్టి తీసేశాను. చీర అప్పటికే ఉతికి దండెం మీద ఆరుతోంది.

మర్నాడు పొద్దున్నే బావ పనిముట్ల సంచితో వచ్చాడు. పుస్తకం చూశాడు.

“కారణం రాయనేదేటి బావా?” అన్నాడు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు.

“తెలీలేదు.”

“తెలుసుకుందాం పద” అన్నాడు. మోకాళ్ళ నొప్పితో నేలమీద కూలబడి చిల్లర్ రేకు విప్పాడు. ఒక్కొక్క తీగ, ఒక్కొక్క బిగింపు మీటరు పెట్టి చూశాడు. నేను టార్చి పట్టుకున్నాను. జాలీకి పట్టిన నూగును పెయింటు బ్రష్‌తో దులిపి, అరచేతిలోకి తీసుకుని చూసి, “ఇంత దానికి ఆగిపోదు” అని తనలో తనే అనుకున్నాడు. రెండు గంటలు. మా ఆవిడ టీ తెచ్చి, ఆయన తల వెనకనుంచి నావైపు చూసింది. టీ కప్పులు తియ్యడానికి వచ్చి మళ్ళీ చూసింది.

ఆయన స్నానానికి వెళ్ళాక వంటింట్లో అంది: “చెప్పేస్తే పోయేదేముందండీ? ఆయనేమన్నా కొడతారా? పాపం, బాగున్న మిషన్లో జబ్బు వెతుక్కుంటున్నారు.”

ఆమె అన్నది నిజమే. పత్రికలో నా చివరి పదేళ్ళలో సవరణలు రాసే పని నాదే. నిన్నటి సంచికలో ఫలానా వార్తలో పొరపాటు దొర్లింది, విచారిస్తున్నాం. రెండే రెండు వాక్యాలు, లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో. విలేకరులు నా టేబుల్ ముందు నిలబడి, అది మా తప్పు కాదు, ఫోన్లో అలాగే చెప్పారు, అని నసిగేవాళ్ళు. ఇంత చిన్నదానికి ఎందుకు ఇంత గింజుకుంటారో అని విసుక్కునేవాణ్ణి. ఆ రెండు వాక్యాలూ ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో. అన్నీ ఇతరుల తరఫున.

భోజనాలప్పుడు చెబుదామనుకున్నాను. బావ అన్నం కలుపుతూ, “ఈ మిషన్ని ఇంక నమ్మలేం బావా. కొత్తింటికి ఇది తీసుకెల్లను. పదేళ్ళు ఒక్కపాలి ఆగనేదు. ఆగిందంటే ఏదో ఉంది” అన్నాడు. ఆ మాట దగ్గర గొంతు కొంచెం తగ్గింది. చెప్పడానికి సరైన చోటు అదే. నేను ఇంకొంచెం పప్పు వడ్డించమన్నాను.

వెళ్ళబోతూ పుస్తకం మళ్ళీ తీశాడు. పంపుహౌసులో ఒక పద్ధతి ఉండేదట. కారణం గడి ఖాళీగా ఉంటే తర్వాతి షిఫ్టువాడు సంతకం పెట్టడు, డ్యూటీ తీసుకోడు. పాతవాడు ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు. “తెలిసినప్పుడు రాద్దువులే” అని మూసి, తొట్టెమీద పెట్టి, బస్సుకు వెళ్ళిపోయాడు. తెలిసినప్పుడు అన్నాడు. నావైపు చూసి అన్నాడో పుస్తకంవైపు చూసి అన్నాడో నేను గమనించలేదు. గమనించకుండా తలుపు గడియ సరిచేస్తూ ఉన్నాను.

తర్వాత మూడు ఆదివారాలు వచ్చాడు. ఆ పెళ్ళి తర్వాతి పేజీలన్నిటి అడుగునా సంతకాలు పెట్టాడు. చిల్లరు ఆగకుండా నడుస్తోంది. చేపలు రెండూ పంపు గొట్టం పక్కన మూలలో పడుకుంటున్నాయి. ఎనిమోన్ ఇంకా రాయిని వదల్లేదు. నిన్న సాయంత్రం ఒక పక్క నాలుగైదు వేళ్ళు బయటికి చాపింది. వాటి రంగు తెలుపు. ఈ పొద్దున్న మళ్ళీ ముడుచుకుంది. ఆరు గంటలకు నీటి వేడి ఇరవై ఆరు. పెళ్ళిరోజు పేజీలో కారణం గడి ఖాళీగానే ఉంది. దాని అడుగున బావ సంతకం లేదు.